వెర్షన్ సంఖ్య: ఎప్పుడు పెంచాలి, ఏ స్థానంలో పెంచాలి

సాఫ్ట్‌వేర్ తయారుచేసేవారికి వెర్షన్ సంఖ్య తమ శ్రమకు గుర్తుగా కనిపించడం సహజం. నెలల తరబడి రాసిన భాగం బయటికి వస్తున్నప్పుడు 2.0 అని వేసుకోవాలనిపిస్తుంది. ఒక్క పంక్తి సరిచేసిన రోజున సంఖ్య జోలికి పోవలసిన పనేముందనిపిస్తుంది. అయితే ఆ సంఖ్యను చదివి నిర్ణయాలు తీసుకునేవారు వేరే ఉన్నారు: అప్‌డేట్ ఇప్పుడే వేసుకోవాలా, నాలుగు రోజులు ఆగాలా అని ఆలోచించే వినియోగదారు, ఆ సాఫ్ట్‌వేర్‌ను ఆధారం చేసుకుని తన ప్రోగ్రామ్ రాసుకున్న మరో ప్రోగ్రామర్, రెండు సంఖ్యలను పోల్చి ఏది కొత్తదో తేల్చే యంత్రం. ఈ ముగ్గురికీ లోపల ఎంత పని జరిగిందన్నదానితో నిమిత్తం లేదు కనుక, సంఖ్యను ఎంత పెంచాలన్నది బయట ఆధారపడినవారు ఎంత పని చేయవలసి వస్తుందన్న ప్రశ్నను బట్టి తేలాలి. ఈ అధ్యాయం ఆ ఒక్క సూత్రాన్ని తెలుగువారికి దగ్గరగా జరిగిన కొన్ని సంఘటనల మీద పరీక్షించి చూస్తుంది: 2018లో ఐఫోన్లను స్తంభింపజేసిన ఒక తెలుగు అక్షర సముదాయం, 2022లో వడమాలపేట మండలం జిల్లా మారడం, యూనికోడ్‌లో తెలుగు అక్షరాలు ఒక్కొక్కటిగా చేరిన తీరు.

1. ముందు ఒప్పందం, తర్వాత సంఖ్య

వెర్షన్ సంఖ్యల పద్ధతుల్లో బాగా ప్రచారంలో ఉన్నది సెమాంటిక్ వెర్షనింగ్. గిట్‌హబ్ సహ వ్యవస్థాపకుల్లో ఒకరైన టామ్ ప్రెస్టన్-వెర్నర్ దీన్ని రూపొందించారు. ఇప్పుడు ఎక్కువమంది అనుసరిస్తున్న 2.0.0 పాఠం 2013లో వెలువడింది. ఈ పద్ధతిలో సంఖ్యకు చుక్కలతో వేరైన మూడు స్థానాలుంటాయి. ఎడమవైపుది మేజర్, నడిమిది మైనర్, కుడివైపుది ప్యాచ్. పాత వాడకం చెడకుండా దోషాన్ని మాత్రమే సరిచేస్తే ప్యాచ్ స్థానం, పాత వాడకం చెడకుండా కొత్త సౌకర్యం చేరిస్తే మైనర్ స్థానం, పాత పద్ధతిలో వాడేవారు తమ పని మార్చుకోక తప్పని పరిస్థితి వస్తే మేజర్ స్థానం పెరుగుతుంది. ఒక స్థానం పెరిగినప్పుడు దానికి కుడివైపున ఉన్నవన్నీ సున్నాకు వస్తాయి, అంటే 1.4.7 తర్వాత కొత్త సౌకర్యం చేరితే 1.5.0, ఒప్పందం మారితే 2.0.0 అవుతుంది.

ఈ పద్ధతి విధించే మొట్టమొదటి నియమం మాత్రం సంఖ్యలకు సంబంధించినది కాదు, ఒప్పందానికి సంబంధించినది. బయటివారు దేనిమీద ఆధారపడవచ్చో ముందుగా స్పష్టంగా ప్రకటించాలని అది కోరుతుంది. ఆ ప్రకటనలో ఉన్న భాగాన్ని ఏపీఐ అంటారు. ఒక ప్రోగ్రామ్ మరో ప్రోగ్రామ్‌ను పని అడగడానికి వాడే పేర్లు, ఇవ్వవలసిన వివరాలు, తిరిగి వచ్చే జవాబుల రూపం అన్నీ దానిలోకి వస్తాయి. ఇతర ప్రోగ్రామ్‌లతో సంబంధం లేని మొబైల్ యాప్‌కు కూడా ఇలాంటి ఒప్పందం ఉంటుంది: భద్రపరచిన ఫైల్ తర్వాతి వెర్షన్‌లో తెరుచుకోవాలి, ముద్రించిన రసీదులో అంకెలు అదే చోట ఉండాలి, పాత ఫోన్లో యాప్ నడవాలి. ఒప్పందం రాసుకోని చోట ఏ మార్పు పెద్దదో ఏది చిన్నదో చెప్పడానికి కొలబద్ద ఉండదు కనుక, అక్కడ సంఖ్య పెంచడం ఊహాగానంగానే మిగిలిపోతుంది.

2. ప్యాచ్: ఆగకూడని సవరణ

2018 ఫిబ్రవరిలో ఐఓఎస్ 11.2.5 నడుస్తున్న ఐఫోన్లకు ఒక తెలుగు అక్షర సముదాయం ఉన్న సందేశం వస్తే, దాన్ని తెర మీద చూపబోయిన యాప్ ఉన్నపళంగా మూతపడేది. తిరిగి తెరిచినా అదే సందేశం మళ్లీ ఎదురై మళ్లీ మూతపడేది. చాలామంది దీన్ని ‘జ్ఞా’ అక్షరంగా చెప్పుకున్నా, మామూలుగా ‘జ్ఞానం’ అని టైపు చేసినవారికి ఇబ్బంది కలగలేదు. ఇబ్బంది పెట్టిన వరుసలో జ, పొల్లు, ఞ వచ్చాక, దీర్ఘానికి ముందు కంటికి కనిపించని మరో గుర్తు ఉంది. జీరో విడ్త్ నాన్-జాయినర్ అని పిలిచే ఆ గుర్తుకు వెడల్పు ఉండదు. పక్కపక్క అక్షరాలు కలిసిపోకుండా విడిగా నిలపడమే దాని పని. ఆ గుర్తు అక్కడ అడ్డుపడినప్పుడు అక్షరాల ఆకృతులను కూర్చే కోర్‌టెక్స్ట్ అనే వ్యవస్థ మెమరీని చెడగొట్టుకునేది. దేవనాగరి, బెంగాలీ లిపుల్లోని కొన్ని వరుసలకూ ఇదే దోషం వర్తించిందని తర్వాత ప్రోగ్రామర్లు పరిశీలించి తేల్చారు.

ఈ సంఘటనలో సంఖ్యల నడక గమనించదగినది. అప్పటికి ఐఓఎస్ 11.3 బీటా పరీక్షల్లో ఉంది, దానిలో ఈ దోషం లేదు. బీటా అంటే తుది విడుదలకు ముందు కొద్దిమంది చేత వాడించి చూసే రూపం. 11.3లో కొత్త సౌకర్యాలు అనేకం ఉన్నాయి కనుక అది మార్చి చివరికి గానీ అందరికీ అందలేదు. ఆపిల్ అంతవరకూ ఆగకుండా ఫిబ్రవరి 19న ఈ సవరణతో 11.2.6ను విడుదల చేసింది. గడియారాలకు వాచ్‌ఓఎస్ 4.2.3, టీవీ పరికరాలకు టీవీఓఎస్ 11.2.6 కూడా వచ్చాయి. ఆపిల్ పద్ధతి అక్షరాలా సెమాంటిక్ వెర్షనింగ్ కాకపోయినా, మూడో స్థానాన్ని సవరణలకు కేటాయించే అలవాటు దానిలోనూ ఉంది. 11.2.5 వాడుతున్నవారు 11.2.6 అన్న సంఖ్య చూడగానే రెండు సంగతులు గ్రహించగలిగారు: ఇది వేసుకుంటే ఫోన్ తీరు మారదు, వేసుకోకపోతే ఏదో దోషం మిగిలిపోతుంది. ఈ రెండింటినీ మాటల్లేకుండా చెప్పగలగడమే ప్యాచ్ సంఖ్య ప్రయోజనం.

మ్యాక్ కంప్యూటర్ల విషయంలో అదే సవరణ వేరే దారిన వచ్చింది. మ్యాక్‌ఓఎస్ 10.13.3కు అనుబంధ అప్‌డేట్ అన్న పేరుతో దాన్ని అందించినందువల్ల పైకి కనిపించే సంఖ్య 10.13.3 గానే మిగిలి, లోపలి బిల్డ్ సంఖ్య మాత్రమే మారింది. బిల్డ్ సంఖ్య అంటే ప్రోగ్రామ్‌ను ఒక్కొక్కసారి కూర్చినప్పుడు యంత్రం దానికి వేసే గుర్తు. ఒక కార్యాలయంలోని యాభై కంప్యూటర్లలో దేనికి సవరణ అందింది, దేనికి అందలేదు అని తేల్చాలంటే 10.13.3 అన్న సంఖ్య ఒక్కటే సరిపోదు. బిల్డ్ సంఖ్య కూడా తెరిచి చూడాలి. ప్రవర్తన వేరైన రెండు రూపాలకు ఒకే పేరుంటే ఫిర్యాదు తీసుకునేవారూ, ఫిర్యాదు చేసేవారూ వేర్వేరు వస్తువుల గురించి మాట్లాడుకునే ప్రమాదం ఉంటుంది. సవరణ ఎంత చిన్నదైనా, అది బయటివారి చేతికి చేరుతున్నదంటే పైకి కనిపించే సంఖ్య మారాలన్న నియమం ఇక్కడి నుంచే పుడుతుంది.

ప్యాచ్ విడుదల విషయంలో పాటించవలసిన క్రమశిక్షణ మరొకటి ఉంది. అత్యవసరంగా ఒక దోషాన్ని సరిచేస్తున్నప్పుడు, ఎలాగూ విడుదల చేస్తున్నాము కదా అని సగం పూర్తయిన కొత్త సౌకర్యాన్ని కూడా దానిలో ఎక్కించాలన్న ఆకర్షణ బృందాలకు తరచుగా కలుగుతుంది. అలా చేస్తే ప్యాచ్ అన్న నమ్మకంతో వెంటనే వేసుకున్నవారికి కొత్త దోషాలు అంటుకుంటాయి. ఒకసారి అలా దెబ్బతిన్నవారు తర్వాతి ప్యాచ్‌ను, అది నిజంగా భద్రతకు సంబంధించినదైనా సరే, వేసుకోవడానికి వెనకాడతారు.

3. మైనర్: ఉన్నది చెడకుండా చేరే కొత్తదనం

తిరుపతి నుంచి పుత్తూరు మీదుగా చెన్నై వెళ్లే రహదారిపై వడమాలపేట మండలంలో ఎస్.వి.పురం టోల్ ప్లాజా ఉంది. జాతీయ రహదారులపై 2021 ఫిబ్రవరి 15 అర్ధరాత్రి నుంచి టోల్ చెల్లింపుకు ఫాస్టాగ్ తప్పనిసరి అయింది. 2025 ఆగస్టు 15 నుంచి సొంత కార్లు, జీపులు, వ్యాన్లకు 3,000 రూపాయల ఫాస్టాగ్ వార్షిక పాస్ అందుబాటులోకి వచ్చింది, అది ఏడాది గడిచేదాకా గానీ 200 ప్రయాణాలు పూర్తయ్యేదాకా గానీ చెల్లుతుంది. ఇలాంటి కొత్త పాస్‌ను గుర్తించేలా ఒక టోల్ లెక్కల ప్రోగ్రామ్‌ను మార్చవలసి వచ్చిందనుకుంటే, ఆ మార్పుకు ఏ స్థానం పెంచాలన్నది మంచి పరీక్ష. ఒక్కొక్క ప్రయాణానికి డబ్బు కోసుకునే పాత పద్ధతి యథాతథంగా ఉంటూ, పాస్ ఉన్న వాహనానికి మాత్రం ప్రయాణాల లెక్క తగ్గించే సౌకర్యం అదనంగా చేరితే, పాతవారెవరూ ఏమీ మార్చుకోనక్కరలేదు కనుక మైనర్ స్థానం పెరిగితే చాలు.

చిక్కు మరోచోట రావచ్చు. ప్లాజా ప్రోగ్రామ్ పంపే రోజువారీ చిట్టాను చదివే మరో ప్రోగ్రామ్ ఉండి, అది ‘చెల్లింపు రకం’ అన్న గడిలో తనకు తెలిసిన రెండు మూడు మాటలే ఉంటాయని నమ్మి రాసినదైతే, ‘వార్షిక పాస్’ అన్న కొత్త మాట ఎదురవగానే అది ఆగిపోతుంది. అప్పుడు అదే మార్పు చిట్టా చదివేవారి దృష్టిలో ఒప్పందం తెంచిన మార్పు అవుతుంది. తప్పు ఎవరిదన్నది ఒప్పందంలో ముందే రాసి ఉండాలి: కొత్త రకాలు ఎప్పుడైనా చేరవచ్చు, తెలియని రకాన్ని చూస్తే ఆగిపోకుండా పక్కన పెట్టాలి అన్న ఒక్క వాక్యం ఉంటే ఇది మైనర్, లేకపోతే మేజర్. చేర్పులన్నీ హానిలేనివే అన్న భావన ఎంత బలంగా ఉన్నా, చదివేవారి చేతిలో ఏమవుతుందో చూడకుండా దాన్ని నమ్మకూడదు.

త్వరలో తీసివేయబోయే సౌకర్యం గురించి హెచ్చరించడానికి కూడా మైనర్ విడుదలే తగిన సందర్భం. ఒక సౌకర్యం ఇంకా పనిచేస్తూనే ఉంటుంది గానీ, దాన్ని వాడవద్దని, ప్రత్యామ్నాయం ఫలానాదని ప్రకటించడాన్ని డెప్రికేషన్ అంటారు. తర్వాతి మేజర్ విడుదలలో తీసివేసేలోగా కనీసం ఒక మైనర్ విడుదలలోనైనా ఈ హెచ్చరిక వెలువడితే, ఆధారపడినవారు రెండు పద్ధతులూ పనిచేస్తున్న వ్యవధిలోనే తమ ప్రోగ్రామ్‌ను సర్దుకోగలుగుతారు.

4. మేజర్: ఆధారపడినవారికి పని పెట్టే మార్పు

2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లోని జిల్లాల సంఖ్య 13 నుంచి 26కు పెరిగింది. అప్పటివరకూ చిత్తూరు జిల్లాలో ఉన్న వడమాలపేట మండలం ఆ రోజు నుంచి కొత్తగా ఏర్పడిన తిరుపతి జిల్లాలోకి వచ్చింది. ఊరు కదలలేదు, సర్వే నంబర్లు మారలేదు. అయినా రాష్ట్రంలో చిరునామాలతో పనిచేసే ప్రతి సాఫ్ట్‌వేర్‌కూ ఇది వెర్షన్ సంఖ్య సమస్యగా మారగలిగిన మార్పు.

మండలం పేరు ఇస్తే జిల్లా పేరు చెప్పే చిన్న లైబ్రరీని ఉదాహరణగా తీసుకోవచ్చు. లైబ్రరీ అంటే ఇతర ప్రోగ్రామ్‌లు తమలో కలుపుకుని వాడుకునే సిద్ధంగా ఉన్న ప్రోగ్రామ్ భాగం. దానిలోని జిల్లాల జాబితాలో ‘తిరుపతి’ అన్న పేరు చేర్చడం పైకి చేర్పుగానే కనిపిస్తుంది. కానీ నిన్నటిదాకా వడమాలపేటకు ‘చిత్తూరు’ అని జవాబిచ్చిన లైబ్రరీ ఇవాళ ‘తిరుపతి’ అంటుంది. ప్రోగ్రామ్ ఆగిపోదు, ఎర్ర అక్షరాల్లో హెచ్చరిక రాదు, జవాబు రూపం కూడా మునుపటిదే. ఐదేళ్ల లెక్కలను జిల్లాలవారీగా కూడే నివేదికలో మాత్రం చిత్తూరు మొత్తం ఒక్కసారిగా పడిపోతుంది. పాత ఏడాది నివేదికను మళ్లీ తీస్తే, అప్పట్లో లేని తిరుపతి జిల్లాకు కూడా అంకెలు కనిపిస్తాయి. ఆగిపోయే ప్రోగ్రామ్‌ను గంటలో పట్టుకోవచ్చు; నిశ్శబ్దంగా వేరే జవాబిచ్చే ప్రోగ్రామ్‌ను ఎవరో అధికారి నివేదికల్లో తేడా గమనించేదాకా పట్టుకోవడం కష్టం. అందువల్ల జవాబు రూపం అలాగే ఉండి అర్థం మారిన చోట, రూపం మారిన చోట కంటే ఎక్కువ జాగ్రత్త కావాలి.

నిర్మాత ముందు ఇక్కడ మూడు దారులున్నాయి. పాత ప్రశ్నకే కొత్త జవాబివ్వడం మొదటిది. లైబ్రరీ ఒప్పందంలో జవాబులు స్థిరమని ఉంటే దానికి మేజర్ స్థానం పెంచక తప్పదు. పాత ప్రశ్నను ముట్టుకోకుండా, తేదీ కూడా ఇచ్చి అడిగే కొత్త ప్రశ్నను చేర్చడం రెండోది. 2022 ఏప్రిల్ 4కు ముందు తేదీ ఇస్తే చిత్తూరు అని, ఆ రోజు గానీ తర్వాతి తేదీ గానీ ఇస్తే తిరుపతి అని జవాబు వస్తుంది. పాతవారికి ఏ మార్పూ లేదు కనుక అది మైనర్, పాత ప్రశ్నకు డెప్రికేషన్ హెచ్చరికను అదే విడుదలలో జోడించవచ్చు. మూడోది ప్రోగ్రామ్‌నూ డేటానూ విడదీసి, రెండింటికీ వేర్వేరు సంఖ్యలు ఇవ్వడం. అప్పుడు జిల్లాల పట్టిక ‘2022-04-04’ వంటి తేదీనే తన వెర్షన్‌గా ధరించి, ప్రోగ్రామ్ సంఖ్య కదలకుండా ఉండగలుగుతుంది. పరిపాలనా విభాగాలు, పన్ను రేట్లు, సెలవుల జాబితాల వంటివి ప్రోగ్రామర్ల ప్రమేయం లేకుండా ప్రభుత్వ ఉత్తర్వులతో మారుతుంటాయి కనుక, వాటిపై ఆధారపడే సాఫ్ట్‌వేర్‌కు ఈ మూడో దారి దీర్ఘకాలంలో ఎక్కువ నిలకడనిస్తుంది.

మేజర్ మార్పు ఆధారపడినవారికి ఎంత ఖరీదవుతుందో పైథాన్ ప్రోగ్రామింగ్ భాష చరిత్ర చెబుతుంది. 2008 డిసెంబరులో పైథాన్ 3 వచ్చినప్పుడు, అక్షరాలను భాష అర్థం చేసుకునే పద్ధతే మారింది. పైథాన్ 2లో యుటిఎఫ్-8 ఎన్‌కోడింగ్‌లో మామూలుగా రాసిన ‘తెలుగు’ అన్న పదం పొడవు అడిగితే 18 అని వచ్చేది, ఎందుకంటే అది బైట్లను లెక్కపెట్టేది. త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము అన్న ఆరు గుర్తులకూ తలా మూడు బైట్లు పడతాయి. పైథాన్ 3 ఆ గుర్తులనే లెక్కపెట్టి 6 అంటుంది. తెలుగు వంటి లిపులకు ఇది మేలు చేసిన మార్పే అయినా, పాత లెక్కను నమ్మి రాసిన ప్రోగ్రామ్‌లు వెతికి వెతికి సరిచేసుకోవలసి వచ్చింది కనుక, పైథాన్ 2 నిర్వహణ 2020 జనవరి 1 వరకూ, అంటే పదకొండేళ్లకు పైగా కొనసాగింది. మేజర్ సంఖ్య పెంచే బృందం పాత వరుసకు ప్యాచ్‌లు ఎంతకాలం ఇస్తుందో అదే రోజు ప్రకటించాలన్న మర్యాదకు ఇంతకంటే బలమైన కారణం అక్కర్లేదు.

5. సంఖ్యకు వేరే అర్థం ఇచ్చినవారు

అందరూ ఈ మూడు స్థానాల అర్థాన్నే పాటించాలన్న నిబంధన ఏదీ లేదు. ప్రపంచ లిపుల అక్షరాలన్నిటికీ స్థిరమైన సంఖ్యలు కేటాయించే యూనికోడ్ ప్రమాణంలో, 1991లో వచ్చిన మొదటి వెర్షన్‌లోనే తెలుగు ఉంది. ఆ తర్వాత 2008 నాటి 5.1లో ౘ, ౙ అక్షరాలూ, పాత లెక్కల్లో వాడిన భిన్నాల గుర్తులూ చేరాయి. 2014 నాటి 7.0లో ఴ, 2015 నాటి 8.0లో ౚ, 2019 నాటి 12.0లో శాసనాల్లో కనిపించే సిద్ధం గుర్తు, 2021 నాటి 14.0లో నకారపొల్లు వచ్చాయి. ఇక్కడ ఎడమవైపు సంఖ్య పెరిగితే పాతది చెడుతుందని అర్థం కాదు. ఒకసారి చేరిన అక్షరాన్ని తీసివేయడం గానీ, వేరే స్థానానికి జరపడం గానీ చేయబోమని యూనికోడ్ తన స్థిరత్వ నియమాల్లో మాట ఇచ్చింది కనుక, 5.1 నాటి తెలుగు పాఠం 14.0లోనూ అదే పాఠం. పెరిగిన సంఖ్య చెప్పేది ఒక్కటే: ఈ వెర్షన్‌కు ముందు తయారైన ఫాంట్లలో కొత్త అక్షరం బదులు ఖాళీ గడి కనిపించవచ్చు.

లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు మూలభాగమైన లినక్స్ కెర్నల్ 2011 జులైలో 2.6.39 నుంచి 3.0కు వెళ్లినప్పుడు ఒప్పందం తెంచిన పెద్ద మార్పేదీ లేదు. సంఖ్యలు మరీ పొడవైపోయాయని, లినక్స్‌కు ఇరవయ్యేళ్లు నిండుతున్నాయని దాని సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ ఆ మార్పు చేశారు. లినక్స్ ఆధారిత ఆపరేటింగ్ సిస్టమ్ ఉబుంటు తన విడుదలలకు ఏడాదినీ నెలనూ సంఖ్యగా వాడుతుంది. దాని మొదటి విడుదల 2004 అక్టోబరులో వచ్చింది కనుక 4.10 అయింది. తేదీ సంఖ్య ఒక రూపం ఎంత పాతదో చెబుతుంది గానీ, దాన్ని వేసుకుంటే ఏం చెడుతుందో చెప్పదు. నెలకోసారి, ఆరునెలలకోసారి అన్న కచ్చితమైన క్రమంలో విడుదలయ్యే పెద్ద వ్యవస్థలకు తేదీ, ఇతరుల ప్రోగ్రామ్‌లలో కలిసే లైబ్రరీలకు మూడు స్థానాల పద్ధతి సాధారణంగా నప్పుతాయి. ఏ పద్ధతి ఎంచుకున్నా దాని అర్థాన్ని రాతపూర్వకంగా ప్రకటించి, మధ్యలో మార్చకుండా ఉండడమే వాడేవారికి దక్కే భరోసా.

6. విడుదల చక్రంలో పెంచవలసిన ఘడియ

రాయడం, పరీక్షించడం, బీటా, తుది విడుదల, నిర్వహణ అన్న దశల వరుసను విడుదల చక్రం అంటారు. ప్రతి చిన్న మార్పు రాసినప్పుడల్లా వెర్షన్ సంఖ్య పెంచనక్కరలేదు. దానికి బిల్డ్ సంఖ్య ఉంది, యంత్రమే దాన్ని పెంచుకుంటూ పోతుంది. ఒక విడుదల పూర్తయిన మర్నాడే తర్వాతి విడుదలకు అంచనా సంఖ్యను పెట్టుకుని, దానికి ‘తయారీలో’ అన్న గుర్తు తగిలించుకోవడం చాలా బృందాల అలవాటు. పరీక్షకు బయటికి ఇచ్చినప్పుడు 2.3.0 బీటా 1, బీటా 2 అని, ఇక దోషాలు బయటపడకపోతే ఇదే తుదిరూపం అనుకున్నదానికి రిలీజ్ క్యాండిడేట్ అని గుర్తులు వేస్తారు. తుది సంఖ్య స్థిరపడేది విడుదల ఘడియలోనే, ఎందుకంటే చివరి వారంలో దూరిన ఒక్క మార్పు మైనర్ అనుకున్నదాన్ని మేజర్ చేయగలదు.

బయటికి వెళ్లిన సంఖ్యకు చెందిన వస్తువును ఆ తర్వాత మార్చకూడదు. చిత్తూరు ప్రాంతపు మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో డబ్బాకు మూత వేసి బ్యాచ్ నంబరు కొట్టాక, అదే నంబరుతో వేరే గుజ్జు నింపిన డబ్బా బజారుకు పోతే ఫిర్యాదు వచ్చిన రోజున ఏ డబ్బాను వెనక్కి పిలవాలో ఎవరికీ తెలియనట్టే, ఒకే సంఖ్య కింద రెండు రూపాలు తిరిగితే దోషం మూలాన్ని పట్టుకోవడం అసాధ్యమవుతుంది. 2.3.0లో పొరపాటు దొర్లిందని పది నిమిషాల్లో తెలిసినా సరే, దాన్ని సరిచేసి మళ్లీ 2.3.0 అని పెట్టకుండా 2.3.1 విడుదల చేయాలి. సంఖ్యలకు కొరత లేదు.

యంత్రం చదివే సంఖ్య విషయంలో కొన్ని మెలకువలు అవసరం. ఆండ్రాయిడ్ యాప్‌లకు రెండు సంఖ్యలుంటాయి: వినియోగదారుకు కనిపించే వెర్షన్ నేమ్ ఒకటి, యంత్రం పోల్చి చూసే వెర్షన్ కోడ్ మరొకటి. రెండోది చుక్కలు లేని పూర్ణాంకం. ప్లే స్టోర్‌కు పంపే ప్రతి కొత్త రూపానికీ అది మునుపటి కంటే పెద్దదై ఉండాలి, 210 కోట్లు దాటకూడదు. తొందరపాటులో తేదీనీ సమయాన్నీ కలిపి పొడవాటి కోడ్ వేసినవారు ఆ హద్దుకు త్వరగా చేరుకుంటారు, ఒకసారి పెంచాక తగ్గించే వీలుండదు. అలాగే 1.9 తర్వాత వచ్చేది 1.10, చుక్క ఇక్కడ దశాంశ బిందువు కాదు కనుక 1.10 పెద్దది. అక్షరాల వరుసలో పోల్చే ప్రోగ్రామ్ మాత్రం 1.10ని 1.9 కంటే చిన్నదిగా లెక్కగట్టి, అప్‌డేట్ ఉన్నా లేదంటుంది. 2022లో క్రోమ్, ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్లు 100వ వెర్షన్‌కు చేరబోతున్నప్పుడు, రెండంకెలే ఉంటాయని నమ్మిన సైట్లు మూడంకెల సంఖ్యను తప్పుగా చదువుతాయేమోనని ఆ రెండు సంస్థలూ నెలల ముందే పరీక్షలు జరపవలసి వచ్చింది.

సున్నాతో మొదలయ్యే సంఖ్యలకు ప్రత్యేక స్థానం ఉంది. 0.4.2 వంటి సంఖ్య, ఒప్పందం ఇంకా కుదరలేదు, ఏదైనా ఎప్పుడైనా మారవచ్చు అని చెబుతుంది. ఆ రక్షణ హాయిగా ఉంటుంది కనుక కొందరు నిర్మాతలు ఏళ్ల తరబడి అక్కడే ఉండిపోతారు. తన సాఫ్ట్‌వేర్‌ను ఇతరులు రోజువారీ పనికి వాడుతున్నారని తెలిసిన రోజున, పాతది చెడగొడితే వారికి నష్టమని నిర్మాతకు జంకు కలిగిన రోజున, 1.0.0కు వేళ అయినట్టే. దీనికి ఎదురుగా ఉండే బలహీనత, ప్రచారం కోసం 2.0, 3.0 అని దూకడం. అలా రెండు మూడుసార్లు జరిగాక నిజమైన మేజర్ మార్పు వచ్చినా వాడేవారు దాన్ని పట్టించుకోరు. జంకుతో తగ్గించడం, డాబుతో పెంచడం రెండూ నిర్మాత మనసులో పుట్టే లోపాలే కనుక, నిర్ణయాన్ని మనసు మీద వదలకుండా రాసుకున్న ప్రశ్నల మీద పెట్టడం మేలు.

7. విడుదలకు ముందు అడగవలసిన ప్రశ్నలు

ఈ ప్రశ్నలను ఇదే వరుసలో అడగాలి. ‘అవును’ అన్న జవాబు మొదట ఎక్కడ వస్తే అక్కడ ఆగాలి.

1. నిన్నటి రూపంతో సరిగ్గా పనిచేసిన ఏ ప్రోగ్రామ్ అయినా, ఫైల్ అయినా, ఫోన్ అయినా ఒప్పందం ప్రకారమే నడుచుకున్నా రేపటి రూపంతో ఆగిపోతుందా, లేక చెప్పకుండా వేరే జవాబిస్తుందా? అవునంటే మేజర్.

2. కొత్త సౌకర్యం చేరిందా, లేక పాత సౌకర్యానికి డెప్రికేషన్ హెచ్చరిక పెట్టడం జరిగిందా? అవునంటే మైనర్.

3. ఒప్పందం చెప్పినట్టు నడవని చోట నడిచేలా సరిచేయడం మాత్రమే జరిగిందా? అవునంటే ప్యాచ్.

4. బయటివారికి చేరే వస్తువు అక్షరం తేడా లేకుండా పాతదేనా? అవునంటే సంఖ్యను మార్చవద్దు. కార్యాలయంలోపలి సూచనపత్రంలో అక్షరదోషం దిద్దినందుకు విడుదల అక్కర్లేదు.

ఒకే విడుదలలో మూడు రకాల మార్పులూ ఉంటే పెద్దదే లెక్కలోకి వస్తుంది. ఒక మేజర్, ఆరు మైనర్లు, ఇరవై ప్యాచ్‌లు కలిసినా పెరిగేది మేజర్ స్థానం, అదీ ఒక్క అంకె మాత్రమే. నిర్ణయం తీసుకున్నాక కారణాన్ని చేంజ్‌లాగ్‌లో, అంటే వెర్షన్ల వారీగా మార్పులను నమోదు చేసే పత్రంలో, వాడేవారి భాషలో ఒకటి రెండు వాక్యాలుగా రాయాలి. ‘లోపలి నిర్మాణం మెరుగుపరచబడింది’ అన్న వాక్యం ఎవరికీ పనికిరాదు. ‘2022 ఏప్రిల్ 4కూ, ఆ తర్వాతి తేదీలకూ వడమాలపేట మండలం తిరుపతి జిల్లాగా వస్తుంది, పాత నివేదికలకు తేదీతో అడగండి’ అన్న వాక్యం చదివినవారికి చేయవలసిన పని తెలుస్తుంది.

సాధన

పాఠకులు తమ చేతిలో ఉన్న ఒక సాఫ్ట్‌వేర్‌కు ఈ మూడు మార్పులు వచ్చినట్టు భావించి, జవాబు చూడకముందే స్థానాన్ని నిర్ణయించి చూడాలి.

మొదటిది: రసీదులో మొత్తం రెండు పైసలు తక్కువ చూపుతున్న లెక్కను సరిచేశారు. ఒప్పందం ప్రకారం రావలసిన మొత్తమే ఇప్పుడు వస్తున్నది కనుక ఇది ప్యాచ్. ఆ తప్పు మొత్తానికి అలవాటుపడి తన వైపు రెండు పైసలు కలుపుకుంటున్న మరో ప్రోగ్రామ్ ఉందని తెలిస్తే పెంచవలసిన స్థానం మారదు గానీ, చేంజ్‌లాగ్‌లో ఆ సంగతి మొదటి వాక్యంగా ఉండాలి.

రెండోది: చిరునామా నమోదులో పిన్‌కోడ్ గడి ఇప్పటిదాకా ఐచ్ఛికం, ఇకపై తప్పనిసరి. కొత్తగా ఏదో చేరినట్టు కనిపించినా, పిన్‌కోడ్ లేకుండా పంపుతున్న ప్రతి పాత ప్రోగ్రామ్ తిరస్కారానికి గురవుతుంది కనుక ఇది మేజర్. తప్పనిసరి అన్న గడిని ఐచ్ఛికం చేస్తే పంపేవారి వైపు అది మైనర్ అవుతుంది; ఆ గడిని చదివేవారు ఖాళీని ఎదుర్కొనగలరో లేదో విడిగా పరిశీలించాలి.

మూడోది: ప్రోగ్రామ్ లోపలి భాగాన్నంతా కొత్తగా రాశారు, వేగం రెట్టింపైంది, బయటికి కనిపించే ఒక్క పేరూ, ఒక్క జవాబూ మారలేదు. శ్రమను బట్టి చూస్తే ఇది మూడింటిలోకీ పెద్దది; ఆధారపడినవారు చేయవలసిన పని మాత్రం సున్నా. ఇక్కడ మేజర్ స్థానం జోలికి పోకుండా మైనర్‌తోనో ప్యాచ్‌తోనో సరిపెట్టుకోగలిగిన బృందానికి ఈ అధ్యాయంలోని సూత్రం పట్టుబడినట్టే.